రియోహా ద్రాక్షతోటల్లో రెండు రోజులు (ఎపిసోడ్ పూర్తి పాఠం)

 

ఈ వారం నన్ను మాట్లాడమన్నారు. పొద్దున సైట్‌లో చెప్పే టూల్‌బాక్స్ టాక్ తప్ప నేను ఎప్పుడూ నలుగురి ముందు మాట్లాడింది లేదు. అందులో కూడా "హెల్మెట్ పెట్టుకోండి, హార్నెస్ కొక్కెం తగిలించుకోండి, నీళ్ళు తాగండి" అంతే. అందుకే తప్పులుంటే సర్దుకోండి.

నా గురించి రెండు ముక్కలు. మాది జగిత్యాల దగ్గర ఊరు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేశాను. 2004లో షట్టరింగ్ హెల్పర్‌గా దుబాయ్ దిగాను. హెల్పర్, కార్పెంటర్, ఫోర్‌మన్ అయ్యి ఇప్పుడు దోహాలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. నలభై దాటి నాలుగేళ్ళయింది.

ఇవాళ చెప్పబోయేది వైన్ టూరిజం గురించి. నవ్వకండి. మన దగ్గర "వైన్స్" అంటే మందు దుకాణం. అందులో బీరు, విస్కీ, బ్రాందీ అన్నీ ఉంటాయి, అడిగితే ఒక్క వైన్ మాత్రం ఉండదు. నేను చెప్పేది ఆ వైన్స్ కాదు. స్పెయిన్‌లో రియోహా అనే ప్రాంతం ఉంది. ద్రాక్షతోటలు, వైన్ తయారీ, భూమి కింద సొరంగాల్లాంటి గోడౌన్లు, వాటిని చూడడానికి లోకమంతా వస్తారు. అక్కడికి నేను పోయి వచ్చాను. తాగమని చెప్పడానికి ఈ ఎపిసోడ్ పెట్టలేదు. తాగి పాడైన ఇళ్ళు నాకూ తెలుసు, మీకూ తెలుసు. అక్కడ ఒక సంగతి చూశాను, అది నా మీదికే తిరిగింది. అది చెప్తా.

ఎట్లా పోయానో ముందు చెప్తా, ఎందుకంటే "జీతగానికి స్పెయిన్ ఎక్కడిది" అని అడుగుతారు. మా ప్రాజెక్టులో లిఫ్ట్ కోర్ గోడలకు సెల్ఫ్ క్లైంబింగ్ షట్టరింగ్ వాడుతున్నాం. క్రేన్ అవసరం లేకుండా జాకీలతో అదే పైకి ఎక్కుతుంది. ఆ సామాను చేసే ఫ్యాక్టరీ స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఉంది. ట్రైనింగ్‌కి పది రోజులు ఇద్దరిని పంపారు, అందులో నేనొకణ్ణి. ఇండియన్ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి కదా. కంపెనీ లెటర్, అక్కడి వాళ్ళ పిలుపు, 30,000 యూరోలకు తగ్గకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్, అన్నీ పెట్టాక వచ్చింది. మధ్యలో శని, ఆదివారాలు సెలవు. మా దగ్గర ఇంతకు ముందు పనిచేసిన స్పానిష్ ఇంజనీర్ ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఉంటున్నాడు. "దోహాలో నువ్వు నాకు బిర్యానీ తినిపించావు, నేను నీకు మా తోటలు చూపిస్తా" అని కారు తెచ్చాడు. అట్లా పోయాను. అక్టోబర్ మొదటి వారం. ద్రాక్ష కోతల కాలం.

బిల్బావో నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్ల లోపే. కొండలు దాటేదాకా ఆకాశం అంతా మబ్బు, సన్న తుంపర. కాంతాబ్రియా అనే కొండల వరుస ఒకటి అడ్డంగా ఉంటుంది. అది దాటి కిందికి దిగగానే ఎండ. నాకు ఆశ్చర్యం వేసింది. సముద్రం మీద నుంచి వచ్చే చలిగాలిని, వానను ఆ కొండలు ఆపుతాయట. కొండలకు ఇవతల ఎబ్రో నది. నదికి అటూ ఇటూ ద్రాక్షతోటలు. మొత్తం రియోహాలో సుమారు 65 వేల హెక్టార్ల తోటలు, అంటే మన లెక్కలో లక్షా అరవై వేల ఎకరాలు. సుమారు 600 వైన్ తయారీ ఇళ్ళు. వాటిని వాళ్ళు "బొదేగా" అంటారు. ఎక్కువగా పెంచే ద్రాక్ష తెంప్రానియో. "తెంప్రానో" అంటే పెందలాడే అని. పెందలాడే పండుతుంది కాబట్టి ఆ పేరు.

పేరు గురించి ఒక మాట. రాసేటప్పుడు మనం "రియోజా" అని చదువుతాం, వాళ్ళు రియోహా అంటారు. మేం మొదట పోయిన ఊరు మనం "హారో" అని చదువుతాం, వాళ్ళు "ఆరో" అంటారు. కాబట్టి నేనూ ఆరో అనే అంటాను.

ఆరోలో రైల్వే స్టేషన్ పక్కన ఒక వాడ ఉంది. పెద్ద పెద్ద బొదేగాలు అన్నీ ఆ ఒక్క వాడలోనే, పట్టాల పక్కనే. ఎందుకు అక్కడే అని అడిగాను. ఆ కథ బాగుంది. 1860ల నుంచి ఫ్రాన్స్‌లో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు ద్రాక్ష వేర్లను తినేయడం మొదలుపెట్టింది. తోటలకు తోటలే ఎండిపోయాయి. ఫ్రాన్స్ వ్యాపారులకు అమ్మడానికి వైన్ లేదు. కొండలు దాటి రియోహాకి వచ్చారు. 1863లో బిల్బావో రేవుకి పోయే రైలు మార్గం పడింది. ఇక పీపాలు రైలెక్కడం, రేవుకి పోవడం. అందుకే స్టేషన్ చుట్టూ బొదేగాలు లేచాయి. లోపెస్ దె ఎరేదియా అనే కుటుంబం 1877లో మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. 1890లోనే ఆ చిన్న ఊరి వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయట. మా ఊరికి కరెంటు ఎప్పుడొచ్చిందో మా నాయనను అడగాలి.

అయితే ఆ పురుగు ఫ్రాన్స్‌లోనే ఆగలేదు. 1899 నాటికి రియోహాకీ వచ్చింది. తోటలు పోయాయి, పనులు పోయాయి. అక్కడి జనం చాలామంది ఓడలెక్కి అర్జెంటీనా, చిలీ పోయారు. ఆ మాట మా ఇంజనీర్ చెప్తున్నప్పుడు నేను కారు కిటికీలోంచి బయటికి చూస్తున్నా. ఇంత సంపద ఉన్న ఊళ్ళు కూడా ఒకప్పుడు మనలాగే పెట్టె సర్దుకున్నాయి. చివరికి మందు ఏం దొరికిందంటే, ఆ పురుగుకి తట్టుకునే అమెరికా ద్రాక్ష మొదళ్ళ మీద తమ ద్రాక్షను అంటుకట్టడం. ఇప్పుడు కనపడే తోటలు దాదాపు అన్నీ అట్లా అంటుకట్టినవే.

ఆరోలో ఒక బొదేగాలో పాత హాలు చూపించారు. పారిస్‌లో ఈఫిల్ టవర్ కట్టిన ఈఫిల్ గారి ఆఫీసు డిజైన్ అని చెబుతారు. పై కప్పుకి ఇనుప ట్రస్సులు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. మధ్యలో ఒక్క స్తంభం లేదు. మిగతావాళ్ళంతా పీపాల వాసన చూస్తున్నారు, నేను పైకి చూస్తున్నా. స్తంభాలు ఎందుకు వద్దనుకున్నారంటే, పీపాలను దొర్లించడానికి అడ్డం ఉండొద్దని. ఒక్కో పీపాలో 225 లీటర్లు. నిండు పీపా దొర్లిస్తూ స్తంభం చుట్టూ తిప్పడం ఎంత కష్టమో మనలో బరువు మోసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది. పనిచేసే మనిషి చెయ్యి ఎట్లా కదులుతుందో చూసి కట్టిన కట్టడం అది.

రెండో రోజు లాగ్వార్దియా. కొండ మీద, చుట్టూ కోట గోడ ఉన్న పాత ఊరు. లోపలికి కార్లు రానివ్వరు. ఎందుకంటే ఊరి కింద అంతా బోలు. ఇళ్ళ కింద 200కు పైగా నేలమాళిగలు తవ్వి ఉన్నాయి. పాతకాలంలో యుద్ధాల్లో దాక్కోవడానికి, తప్పించుకోవడానికి తవ్వారట, తర్వాత వైన్ దాచుకున్నారు. మెట్లు దిగుతుంటే చల్లగా తగులుతుంది. ఎండాకాలమైనా, చలికాలమైనా లోపల వేడి పెద్దగా మారదు. ఏసీ లేదు. దోహాలో మనం ఒక్క గది చల్లబరచడానికి ఎంత కరెంటు తగలేస్తామో!

అక్కడ నాకు సూపర్‌వైజర్ బుద్ధి ఊరుకోలేదు. "ద్రాక్ష రసం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా, అది గాలి కన్నా బరువు, కిందికి దిగి నిలుస్తుంది, ఈ గుంతలో మనిషి ఎట్లా బతుకుతాడు?" అని అడిగాను. అక్కడ చూపించే ఆమె నా వైపు కొంచెం ఆశ్చర్యంగా చూసింది, మామూలుగా టూరిస్టులు అది అడగరట. పాతకాలంలో కొవ్వొత్తి పట్టుకుని దిగేవాళ్ళట. దీపం ఆరిపోతే వెనక్కి. గాలి పోవడానికి పైకి చిమ్నీల్లాంటి బొక్కలు తవ్వారు. ఇప్పుడు ఫ్యాన్లు, గ్యాస్ మీటర్లు ఉన్నాయి. అయినా స్పెయిన్‌లో వైన్ తొట్లలో ఊపిరాడక మనుషులు పోయిన వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. తమ్ముళ్ళూ, మీలో మాన్‌హోల్ పని, ట్యాంకు పని చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. లోపల పడ్డవాడిని చూసి అట్లాగే దూకినవాడు రెండోవాడవుతాడు. గ్యాస్ చెక్ చేయకుండా దిగొద్దు. ఎవరు తిట్టినా సరే.

అక్కడి నుంచి పది నిమిషాల దూరంలో ఎల్‌సియేగో అనే ఊరు. మార్కేస్ దె రిస్కాల్ అనే బొదేగా 1858 నాటిది. దాని పక్కన ఒక హోటల్ ఉంది. ఫ్రాంక్ గెరీ అనే ఆర్కిటెక్ట్ డిజైన్. 2006లో తెరిచారు. తెరిచినప్పుడు 43 గదులు మాత్రమే. పైన టైటానియం రేకులు రిబ్బన్లు గాల్లో ఎగిరినట్టు ఉంటాయి. గులాబీ రంగు వైన్‌కి గుర్తు, బంగారు రంగు వాళ్ళ సీసా చుట్టూ ఉండే వైరు జాలీకి గుర్తు, వెండి రంగు సీసా మూతకి గుర్తు. ఆ జాలీ పాతకాలంలో నకిలీ సరుకు పోసి అమ్మకుండా పెట్టింది. గెరీ ముందు ఒప్పుకోలేదని, ఆయన పుట్టిన 1929 నాటి సీసా తెరిచి ఇచ్చాక మెత్తబడ్డాడని చెబుతారు. మేం బయటి నుంచే చూశాం. గది రేటు విని మా ఇంజనీర్ కూడా నవ్వాడు.

నేను రేకుల కింద ఉన్న స్టీల్‌ని చూస్తున్నా. ఒక్క రేకు ఇంకో రేకులా వంగి లేదు. ప్రతి కొలతా వేరే. దాన్ని బిగించినవాళ్ళు ఏ స్కాఫోల్డింగ్ మీద నిలబడ్డారు, ఎంత గాలి వీచింది అనుకున్నా. అక్కడే దగ్గర్లో ఇసియోస్ అనే ఇంకో బొదేగా ఉంది. సాంతియాగో కలత్రావా డిజైన్, 2001. దాదాపు 200 మీటర్ల పొడవు, పై కప్పు అలలు అలలుగా, వెనకాల కొండల వరుసలాగే కనపడుతుంది. ఫొటోలో చాలా అందం. అయితే ఆ పై కప్పు కారుతోందని గొడవ కోర్టు దాకా పోయిందని అక్కడి పత్రికల్లో వచ్చింది. మనం సైట్‌లో ఎప్పుడూ అంటాం కదా, వంపు ఎక్కువైతే నీళ్ళు దారి వెతుక్కుంటాయి అని.

ఇంత ఖర్చు ఎందుకు పెట్టారని అడిగాను. మా ఇంజనీర్ లెక్క చెప్పాడు. వైన్ ఒక్కటే అమ్మితే సీసాకి ఇంత వస్తుంది. అదే మనిషిని తోటకే రప్పిస్తే టికెట్, భోజనం, గది, సీసా, అన్నీ ఆ ఊళ్ళోనే అమ్ముడవుతాయి. ఊళ్ళో పిల్లలకు పని దొరుకుతుంది. 1925లో రియోహా పేరుకి చట్టం రక్షణ వచ్చింది, 1991లో స్పెయిన్‌లో మొదటిసారి దానికి పై తరగతి గుర్తింపు ఇచ్చారు. సీసా వెనక నంబరు ఉన్న చిన్న ముద్ర ఉంటుంది. ఎర్రది ఉంటే క్రియాంసా, కనీసం 2 ఏళ్ళు ఆగిన సరుకు. ముదురు ఎరుపైతే రెసేర్వా, 3 ఏళ్ళు. నీలం అయితే గ్రాన్ రెసేర్వా, 5 ఏళ్ళు, అందులో 2 ఏళ్ళు పీపాలో. వాళ్ళు అమ్మేది ద్రాక్ష రసం ఒక్కటే కాదు, ఊరి పేరు, ఓపిక కూడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

తోటల మధ్యలో దారి పక్కన ఒక రాతి గుడిసె కనపడింది. గుండ్రంగా, పైన గుమ్మటంలాగ, తేనెతుట్టె బోర్లించినట్టు. సిమెంటు, సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. కారు ఆపమన్నా. లోపల ఒక మనిషి కూర్చోవచ్చు, కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. దాన్ని "గ్వార్దావీన్యాస్" అంటారు. పండ్లు పండే రోజుల్లో తోట కాపలావాడు, వానొస్తే కూలీలు తలదాచుకునే చోటు. మన పొలాల్లో మంచె లాంటిది అనుకోండి. దాని పక్కన బోర్డు ఉంది, అది ఏంటో రాసి ఉంది. వాటిని చూస్తూ నడవడానికి దారులు కూడా ఏర్పాటు చేశారట. నాకు చాలా నచ్చింది. కూలివాడి గుడిసెను గుడిలాగా కాపాడుకుంటున్నారు అనుకున్నా. ఫొటో తీసుకున్నా.

ఆ గుడిసె నుంచి యాభై అడుగుల దూరంలోనే కోత నడుస్తోంది. పాత చెట్లు, మోకాలి ఎత్తు. తీగకు పందిరి లేదు, పొదలాగే పెరుగుతుంది. కాబట్టి నడుము వంచి కోయాల్సిందే. చేతిలో వంకర కత్తి, కొడవలి పిల్లలాగ ఉంటుంది, దాన్ని "కోర్కేతే" అంటారు. గుత్తి పట్టుకోవడం, కోయడం, డబ్బాలో వేయడం, డబ్బా నిండితే ట్రాక్టర్ దాకా మోయడం. పదిహేను మంది ఉంటారు. వాళ్ళ మాటల్లో నాకు ఉర్దూ వినపడింది.

పలకరించాను. పాకిస్తాన్ పంజాబ్ నుంచి వచ్చిన అతను, నా వయసే ఉంటుంది. లొగ్రోన్యోలో ఉంటాడు, రియోహాకి అదే పెద్ద పట్నం. మొరాకో, రుమేనియా, ఆఫ్రికా వాళ్ళు కూడా ఉన్నారు ఆ గుంపులో. నేను దోహా నుంచి అనగానే నవ్వాడు, "నేను షార్జాలో ఆరేళ్ళు చేశాను భాయ్" అన్నాడు. ఇక ఇద్దరం క్యాంపు కష్టాలు, ఓవర్‌టైం లెక్కలు, అన్నీ రెండు నిమిషాల్లో మాట్లాడేసుకున్నాం. కోతల టైమ్‌లో బయటి నుంచి వచ్చే వాళ్ళకి పడుకునే చోటు దొరకదని, కొందరు పార్కుల్లో పడుకుంటారని చెప్పాడు. అది అక్కడి పత్రికల్లో కూడా వస్తూ ఉంటుందని తర్వాత మా ఇంజనీర్ అన్నాడు.

నేను అమాయకంగా అడిగాను, "ఏ బొదేగా బాగుంటుంది చూడడానికి?" అని. అతను అన్న మాట ఇది. "తెలీదు భాయ్. ఏడేళ్ళ నుంచి కోస్తున్నా. ట్రాక్టర్ పోయే గేటు దాకా తెలుసు. లోపలికి ఎప్పుడూ పోలేదు."

అతను బాధగా ఏం చెప్పలేదు. ఊరికే చెప్పాడు. మళ్ళీ వంగి కోసుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం మేం ఒక బొదేగాలో టూర్‌కి పోయాం. పేరు చెప్పను. మనిషికి 20 యూరోలు. పన్నెండు మందిమి. ఇంగ్లీషులో చక్కగా చెప్పింది ఒక అమ్మాయి. మట్టి గురించి చెప్పింది, కొండల గాలి గురించి, పీపా కర్ర అమెరికాదా, ఫ్రాన్స్‌దా అనేది చెప్పింది, యజమాని ముత్తాత ఫొటో చూపించింది. చివర్లో గ్లాసులు పెట్టి, ఒక్కొక్కరినీ "మీకు వైన్‌తో ఏదైనా సంబంధం ఉందా" అని సరదాగా అడిగింది. ఒకాయన లండన్‌లో షాపు ఉందన్నాడు. ఒక జంట పెళ్ళిరోజుకి వచ్చామన్నారు. నా వంతు వచ్చింది.

అన్నలూ, ఒక మాట చెప్పాలి మీకు. మా నాయన గీత కార్మికుడు. తాళ్ళు ఎక్కి కల్లు గీసేవాడు. నేను ఐటీఐ ఫారం నింపేటప్పుడు తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయం" అని రాశాను. పాస్‌పోర్టు అప్పుడు ఏజెంటు అడిగినా అదే చెప్పాను. క్యాంపులో ఇరవై ఏళ్ళ నుంచి నా పక్కన పడుకున్నవాళ్ళకి కూడా తెలీదు. ఎందుకో సిగ్గు. ఆ రోజు ఎవరూ తెలియని చోట ఉన్నందుకో ఏమో, నోట్లోంచి వచ్చేసింది. "మా నాయన తాటిచెట్టు ఎక్కి కల్లు దించేవాడు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టి అడగడం మొదలుపెట్టింది. చెట్టు ఎంత ఎత్తు, ఎట్లా ఎక్కుతారు, రోజుకి ఎన్ని చెట్లు? మోకు గురించి చెప్పాను. నడుముకి, చెట్టుకి కలిపి వేసుకునే తాడు, అదే మా నాయన హార్నెస్ అన్నాను. లొట్టి గురించి చెప్పాను. చలికాలం పోతుతాడు, ఎండాకాలం పండుతాడు, రుచి వేరు అని చెప్పాను. మీ వైన్ ఐదేళ్ళు ఆగుతుంది, మా కల్లు పొద్దున దించితే సాయంత్రానికి పులుస్తుంది, అందుకే దాన్ని ఓడెక్కించలేం, తాగాలంటే మనిషే చెట్టు దగ్గరికి రావాలి అన్నాను. అందరూ నవ్వారు. "అయితే మీ ఊళ్ళో ఎప్పటి నుంచో వైన్ టూరిజం ఉంది" అన్నాడు లండన్ ఆయన.

అది నవ్వులాటే, కానీ నాకు ఒకటి వెలిగింది. మా ఊళ్ళో కల్లు తాగడానికి వచ్చేవాడు ముందు అడిగేది "ఇయ్యాల ఎవరు గీసిండ్రు" అని. మా నాయన పేరు చెప్తే కూర్చునేవాళ్ళు ఉండేవాళ్ళు. చెట్టు ఎక్కిన మనిషే కిందికి దిగి పోసేవాడు. తాగేవాడు ఆ చేతిని చూసేవాడు. ఇక్కడ మట్టి పేరు చెప్పారు, కర్ర పేరు చెప్పారు, చనిపోయిన ముత్తాత పేరు చెప్పారు.

చెయ్యెత్తి అడిగాను. "ఈ ద్రాక్ష ఎవరు కోశారు?" అని.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. "కాంట్రాక్టర్ ద్వారా గుంపులు వస్తాయి. నిజం చెప్పాలంటే వాళ్ళ పేర్లు నాకు తెలీవు" అంది. అబద్ధం చెప్పలేదు, మాట దాటేయలేదు. ఆమెను తప్పు పట్టడానికి నాకేం లేదు.

నేను దొరికిపోయింది అక్కడే. తిరుగు ప్రయాణంలో విమానంలో కూర్చుంటే నా సైట్ గుర్తుకొచ్చింది. మా దగ్గరికి క్లయింటు మనుషులు, బ్యాంకువాళ్ళు, విజిటర్లు నెలకోసారి వస్తారు. కొత్త హెల్మెట్లు, కొత్త జాకెట్లు వేసుకుని తిరుగుతారు. వాళ్ళు వచ్చే అరగంట ముందు నేను ఏం చేస్తానో తెలుసా? "విజిటర్లు వస్తుండ్రు, అందరూ అటు పక్కకి పొండి, ఈ ఫ్లోర్ ఖాళీ చేయండి" అని అరుస్తాను. సేఫ్టీ కోసం కొంత అవసరమే, కాదనను. కానీ నిజంగా సేఫ్టీ కోసమేనా? చెమట బట్టలు వాళ్ళ కంట పడొద్దని కూడా. అది నాకెవరూ చెప్పలేదు. నేనే నేర్చుకున్నా, నేనే చేశాను. తండ్రి వృత్తి దగ్గర వ్యవసాయం అని రాసిన చెయ్యే ఇది. రియోహాలో ఆ పంజాబీ భాయ్‌ని గేటు దగ్గర ఆపినవాళ్ళు ఎవరో నాకు తెలీదు. నా సైట్‌లో ఆపింది మాత్రం నేను.

నేను పెద్ద మార్పులు తెచ్చే మనిషిని కాను. జీతాలు పెంచే పవర్ నాకు లేదు. నా చేతిలో ఉన్నది ఒకటి చేశాను. మొన్న విజిటర్లు వచ్చినప్పుడు కోర్ గోడ దగ్గర నలుగురిని ఉంచాను. "ఈయన స్టీల్ ఫిక్సర్ ఫోర్‌మన్, నిజామాబాద్, పదహారేళ్ళ సర్వీసు. ఈ గోడలో సరియా కట్టింది ఈయన టీమ్" అని పేరుతో చెప్పాను. నేపాల్ కార్పెంటర్ పేరు చెప్పాను. బంగ్లాదేశ్ స్కాఫోల్డర్ పేరు చెప్పాను. ఒక విజిటర్ ఆగి, సరియా ఎందుకు అంత దగ్గర దగ్గరగా కట్టారని ఆ ఫోర్‌మన్‌నే అడిగాడు. అతను వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు, నేను మధ్యలో దూరలేదు. రెండు నిమిషాలు పట్టింది. ఎవరికీ నష్టం లేదు. ఆ రోజు సాయంత్రం బస్సులో అతను ఇంటికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్తుంటే విన్నాను.

ఆ శుక్రవారం నేనూ మా నాయనకి ఫోన్ చేశాను. స్పెయిన్‌లో నీ గురించి చెప్పిన అంటే, "నా గురించి ఏం చెప్పినవ్ రా, మోకు తెగిన సంగతి చెప్పినవా?" అన్నాడు. ఆ సంగతి నాకు తెలీదు. నేను పుట్టకముందు ఒకసారి మోకు తెగితే కమ్మ పట్టుకుని వేలాడాడట. అరగంట చెప్పాడు. నలభై నాలుగేళ్ళలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆఖరుగా కొన్ని పనికొచ్చే మాటలు. మీలో ఎవరికైనా కంపెనీ పని మీదో, యూరప్‌లో చుట్టాలుండో అటు పోయే అవకాశం వస్తే, రియోహా చూడండి. తాగకపోయినా చూడొచ్చు. బ్రియోనెస్ అనే ఊళ్ళో 2004లో తెరిచిన పెద్ద వైన్ మ్యూజియం ఉంది, పాత పనిముట్లు, పీపాలు చేసే విధానం అన్నీ ఉంటాయి. బొదేగాలకు ముందే బుక్ చేసుకోవాలి, కోతల కాలంలో తొందరగా నిండిపోతాయి. జూన్ 29న ఆరో దగ్గర కొండ మీద ఒకరి మీద ఒకరు వైన్ పోసుకునే పండుగ ఉంటుంది, మన హోలీలాగే, తెల్ల బట్టలతో పోతారు. టేస్టింగ్‌లో రుచి చూసి ఉమ్మేయడానికి పక్కన గిన్నె పెడతారు, ఉమ్మితే ఎవరూ తప్పుగా అనుకోరు. కారు నడిపేవాళ్ళు తాగొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట, గల్ఫ్‌వాళ్ళకి. సీసా అందంగా ఉంది కదా అని బ్యాగులో పెట్టుకుని రాకండి. సౌదీ, కువైట్, ఖతార్‌కి మందు తేవడం నిషేధం. ఎయిర్‌పోర్టులో దొరికితే ఉద్యోగం, వీసా అన్నీ పోతాయి. నేను తెచ్చుకున్నది ఒక ఖాళీ కార్క్ బిరడా మాత్రమే. నా హెల్మెట్ పక్కన గూట్లో ఉంది.

వినే మీలో కూడా తల్లిదండ్రుల పని చెప్పుకోవడానికి సిగ్గుపడినవాళ్ళు ఉంటారు. చేపలు పట్టినవాళ్ళు, బట్టలు ఉతికినవాళ్ళు, చెప్పులు కుట్టినవాళ్ళు, చెట్లెక్కినవాళ్ళు. ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు డబ్బు పంపిన సంగతి, ఆరోగ్యం సంగతి అయ్యాక, వాళ్ళ పని గురించి ఒక్క ప్రశ్న అడగండి. ఏం చెప్పారో మాకు వాయిస్ మెసేజ్ పంపండి. మీరు సరే అంటే వచ్చే ఎపిసోడ్లలో వినిపిస్తాం, మీ వాళ్ళ పేరుతో.

ఉంటా మరి. ఎండ ఇంకా తగ్గలేదు, నీళ్ళు తాగుతూ ఉండండి. జాగ్రత్త. నమస్తే.